ఆగ్నేయం మూల గొయ్యి

పరదేశి మాష్టారికి ఒక అలవాటు ఉండేది. మంగళవారం పొద్దున్న ఎవరు పిలిచినా ఆయన పనికి వెళ్ళేవారు కాదు. పాత స్కూటరు మీద రెండు నీళ్ళ డబ్బాలు పెట్టుకుని, విశాఖపట్నంలో కొండవాలున కట్టిన ఇళ్ళ మధ్యకు వెళ్ళి, అక్కడొక ఇంటి ఎర్తు గోతిలో ఆ నీళ్ళు పోసి వచ్చేవారు. ఎర్తు గొయ్యి అంటే, ఇంట్లో దారితప్పిన కరెంటు మనిషి ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోయేందుకు తవ్వేది. అందులో గొట్టం పాతి, చుట్టూ బొగ్గూ ఉప్పూ నింపుతారు. తడి ఆరిపోతే అది ఉన్నా లేనట్టే. వైరింగు పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మాష్టారు మొదటిరోజు చెప్పే పాఠం ఇదే కాబట్టి, ఆ మంగళవారం ప్రయాణం కూడా ఆయన చాదస్తంలో భాగమే అనుకుని, ఆయన దగ్గర పని నేర్చుకునే మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం. సంగతి తెలిసి ఉంటే నవ్వేవాళ్ళం కాదు.

ఒక మంగళవారం ఆయన డబ్బాలు నింపుకుంటూ ఉండగా సన్యాసిరావు వచ్చాడు. అతను మాష్టారి దగ్గర పదకొండేళ్ళు పనిచేసి, కిందటేడే సొంత లైసెన్సు తెచ్చుకున్నవాడు. ఊరి చివర కొత్తగా కట్టిన ముప్పై ఆరు ఇళ్ళలో కరెంటు కార్లకు చార్జర్లు బిగించే పని అతనికి దొరికింది. మొదటి ఇంట్లో బిగించి స్విచ్చి వేస్తే ఎర్ర లైటు వెలిగింది. ఆ ఇంటికి ఎర్తు సరిగ్గా లేదని దానర్థం. సరిచేయాలంటే పరిచిన పలకలు పగలగొట్టి గొయ్యి తవ్వాలి. అది కుదరదన్నాడు అక్కడి మేనేజరు. మధ్యాహ్నం పన్నెండు లోపు పచ్చ లైటు రావాలి, రాకపోతే మొత్తం పని ఇంకొకరికి ఇచ్చేస్తాం అన్నాడు. పచ్చ లైటు రప్పించడానికి ఒక దొంగదారి ఉంది, అది ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. బోర్డు లోపల జానెడు వైరుముక్కతో, కరెంటు వీధి స్తంభానికి తిరిగిపోయే న్యూట్రలు వైరునూ ఎర్తునూ కలిపేస్తే సరి, ఎర్తు బాగుందని చార్జరు నమ్మేస్తుంది.

"మాష్టారూ, నేను చెయ్యనని వచ్చేస్తాను, సరే. సాయంత్రానికి ఇంకొకడు వచ్చి కలిపేస్తాడు. లైటు ఎలాగూ పచ్చగానే వెలుగుతుంది. మరి నేను చెయ్యననడం ఎవరికి పనికొచ్చినట్టు?" అని అడిగాడు సన్యాసిరావు.

ఇది పని ఎగ్గొట్టేవాడి ప్రశ్న కాదు. ఆ ముప్పై ఆరు ఇళ్ళూ చేజారితే అతను పేరు రాయించుకున్న బోర్డు దింపేసుకుని మళ్ళీ ఎవరి కిందో చేరాలి. అయినా కలపడానికి చెయ్యి రాక వచ్చాడు. మాష్టారు ఒక డబ్బా అతని చేతికిచ్చి, "ఎక్కు" అన్నారు.

మాష్టారు నీళ్ళు పోసే ఆ ఇంటివాళ్ళు ఆయన్ని చూసి తలుపు తీయను కూడా తీయలేదు. అలవాటైపోయినట్టు కిటికీలోంచి తలూపారంతే. ఇంటి ముందూ పక్కనా ఎటు చూసినా కొండరాయే, దానిమీద పరిచిన గ్రానైటే. ఆగ్నేయం మూల మాత్రం నాలుగడుగుల మట్టీ ఒక కరివేపాకు చెట్టూ ఉన్నాయి. చెట్టు మొదట్లో సిమెంటు మూత. మాష్టారు మూత తీసి రెండు డబ్బాల నీళ్ళూ నెమ్మదిగా పోశారు. తరవాత ఆ గట్టు మీదే కూర్చుని, అడిగినదానికి సంబంధం లేనట్టుగా, ఈ ఇంటి సంగతి చెప్పడం మొదలుపెట్టారు. సన్యాసిరావు నాకు చెప్పింది చెప్పినట్టే ఇక్కడ రాస్తున్నాను. నేను కలిపింది ఏమైనా ఉంటే అది కాస్త కోపం.

నాలుగేళ్ళ కిందట ఈ ఇల్లు జానకిరామయ్య గారనే లెక్చరరుది. మంచి మనిషి. రిటైరైన డబ్బుతో కరెంటు కారు కొనుక్కుంటూ, ఇంట్లో ఏ చార్జరు పెట్టించుకోవాలో చెప్పమని మాష్టారిని పిలిచాడు. ఇద్దరూ కూర్చుని మూడు నెలలు ఎంచారు. రాత్రంతా నెమ్మదిగా ఎక్కించేదా, మూడు గంటల్లో నింపేదా. వైరు ఐదు మీటర్లదా, ఏడు మీటర్లదా. ఫోనులో కనపడేదా, అక్కర్లేదా. పెద్దమ్మాయికి తెల్లది నచ్చింది, చిన్నమ్మాయికి నల్లది. మాష్టారు చివరికి ఒకటి తేల్చారు. ఎర్తు సరిగ్గా లేకపోతే ఎర్ర లైటు వేసి, చుక్క కరెంటు కూడా ఇవ్వనని మొండికేసేది అది. అందుకే దాన్ని ఎంచాను, మనుషులు మొహమాటపడినా అది పడదు అని ఆయన అప్పట్లో గర్వంగా చెప్పుకునేవారట.

కారు వచ్చే రోజు ముందే ఖాయమైంది. దశమి, పది గంటల నలభై నిమిషాలకు ముహూర్తం. పురోహితుడు వచ్చాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కారుకూ చార్జరుకూ కలిపి బొట్టు పెట్టారు. స్విచ్చి వేస్తే ఎర్ర లైటు. మాష్టారు కొలిచి చూశారు. కొండరాయి మీద ఇల్లు, ఎప్పుడో దిగ్గొట్టిన చువ్వ ఒకటి తుప్పుపట్టి ఉంది. గొయ్యి తవ్వాల్సిందే, తవ్వడానికి మట్టి ఉన్నది ఈ ఆగ్నేయం మూలే అన్నారు. జానకిరామయ్య గారి మొహం మారిపోయింది.

"ఆగ్నేయంలో గొయ్యా? ఏమంటున్నారు మాష్టారూ! ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ఆడవాళ్ళకి కీడండీ అది," అన్నాడు.

పురోహితుడు కూడా అవునన్నాడు. లోపల జానకిరామయ్య గారి భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాస్తు అంటే చదువుకున్నవాడికి ఒక రకం భయం, చదువుకోనివాడికి ఇంకో రకం భయం, అంతే తేడా. ముహూర్తం దాటిపోతోంది, ఇప్పటికి ఏదో ఒకటి చేసి వెలిగించండి, గొయ్యి సంగతి మంచిరోజు చూసుకుని వేరే దిక్కున ఆలోచిద్దాం అని బతిమాలాడు జానకిరామయ్య గారు. ఏదో ఒకటి అంటే ఏమిటో ఆయనకు తెలియదు. మాష్టారికి తెలుసు. చెయ్యను అన్నారు. న్యూట్రలు కలిపితే ఏం జరుగుతుందో విడమర్చి చెప్పారు కూడా. వీధి స్తంభం దగ్గర ఆ ఒక్క వైరు తెగిన రోజున ఇంట్లో కరెంటంతా కారు ఒంటికి ఎక్కుతుంది, ముట్టుకున్నవాడు బతకడు అన్నారు. జానకిరామయ్య గారు వింటూనే ఉన్నాడు కానీ చూపు గడియారం మీద ఉంది. మాష్టారికి ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు ఈ పనే నేర్పినవాడిని, నా మాటకు ఇదా విలువ అనుకుని సామాన్ల సంచి సర్దుకున్నారు.

గేటు దగ్గర అప్పలకొండ నిలబడి ఉంది. ఆ ఇంట్లో అంట్లు తోమి, వాకిలి కడిగి, ఆ రోజునుంచి కారు కూడా కడగాల్సిన మనిషి. ముప్పై నాలుగేళ్ళుంటాయి. కొత్త కారు కడిగే పని తనకు ఒప్పజెప్పారని ఉదయంనుంచి అందరికీ చెప్పుకుందట. చేతిలో కొత్త తువ్వాలు.

"బావూ, ఆ ఎర్రలైటేటి? అదలా ఎలుగుతుండగా కారు మీద నీలు పొయ్యొచ్చేటి?" అని అడిగింది.

మాష్టారు ఆగలేదు. "మీ అయ్యగారినడుగు" అని స్కూటరు ఎక్కి వచ్చేశారు.

సాయంత్రానికి ఇంకొకడు వచ్చాడు. ఆ రోజే మళ్ళీ ఒక మంచి గడియ ఉందని పురోహితుడు చెప్పాడట, ఆ గడియకు జానెడు వైరు కలిసింది, పచ్చ లైటు వెలిగింది. ఎర్ర లైటు ఉన్నంతసేపూ అప్పలకొండ ఆ కారు దగ్గరికి వెళ్ళలేదు. ఎవరూ చెప్పకపోయినా, ఎరుపంటే ఏదో బాగాలేదని ఆమెకు తోచింది. పచ్చరంగు చూశాక ధైర్యంగా బకెట్టు పట్టుకుంది. ఆ ఇంట్లో అందరికంటే ఆ లైటును నమ్మింది ఆమే.

నలభై మూడో రోజు, మంగళవారం, శ్రావణంలో వచ్చిన పెద్దగాలికి వీధి స్తంభం దగ్గర న్యూట్రలు తెగింది. ఉదయం ఏడు గంటలు. కారుకు చార్జింగు పెట్టి ఉంది. ఫ్యాను నీరసంగా తిరుగుతోందేమిటని లోపల వాళ్ళు ఒకరినొకరు అడుగుతున్నారు. బయట అప్పలకొండ ఉత్తకాళ్ళతో తడి గ్రానైటు మీద నిలబడి కారు తలుపు మీద చెయ్యి వేసింది. బకెట్టు పడ్డ చప్పుడు వినిపించిందట, మనిషి చప్పుడు వినిపించలేదు.

గాలివానవల్ల ప్రమాదమని పోలీసు కాగితాల్లో రాశారు. అందరికీ అదే సరిపోయింది. పదకొండో రోజు వెళ్ళకుండానే జానకిరామయ్య గారు మాష్టారిని పిలిపించి, ఆగ్నేయం మూలే గొయ్యి తవ్వించాడు. అప్పుడు ఏ వాస్తూ అడ్డురాలేదు. ఆడవాళ్ళకి కీడని తవ్వని గోతిని, ఒక ఆడమనిషి పోయాక తవ్వారు. తవ్వుతుంటే ఆయన ఈ గట్టు మీదే కూర్చుని ఏడ్చాడు. మీరు ఆ రోజు ఇంకాస్త గట్టిగా చెప్పి ఉండాల్సింది మాష్టారూ అన్నాడు. ఏడాది తిరక్కుండా ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోయాడు.

"నేను చెయ్యలేదు కదా అనుకున్నాన్రా. ఆ ఒక్క మాట పట్టుకుని కొన్నాళ్ళు నిద్రపోయాను," అన్నారు మాష్టారు.

తరవాత ఒకసారి అప్పలకొండ ఇంటికి పలకరింపుకు వెళ్ళారు. ఆమె మొగుడు రేవులో మూటలు మోసే మనిషి. కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. ఎవరినీ తిట్టలేదు. చివరికి ఒకటే అడిగాడు. "మా ఆడది ఆ లైటు గురించి మిమ్మల్ని అడిగిందట బావూ. ఆ రేత్రి అన్నం కాడ సెప్పింది. మీరేటి సెప్పేరు?"

ఇది చెప్పి మాష్టారు గోతిలోకి చూశారు. పోసిన నీళ్ళు అప్పుడే ఇంకిపోయాయి. పైన బొగ్గు మాత్రం తడిగా మెరుస్తోంది. కొండరాయిలో తడి నిలవదు, వారం తిరిగేసరికి ఎండిపోతుంది, మళ్ళీ పోయాలి. ఈ నీళ్ళు ఆమెకు అందవని నాకు తెలుసు, అయినా మంగళవారం వస్తే ఇంట్లో కూర్చోలేను అన్నారు.

సన్యాసిరావు తెగించి అడిగాడు. "మీరు కాదన్నా ఆమె పోయింది. నేను కాదన్నా అక్కడ పచ్చ లైటు వెలుగుతుంది. ముప్పై ఆరు ఇళ్ళు, మాష్టారూ. అయితే ఇంక చేయగలిగింది ఏమీ లేదా?"

మాష్టారు మూత పెట్టేసి, ఖాళీ డబ్బాలు రెండూ అందుకుని, చేతి గడియారం చూసుకున్నారు. పదకొండు దాటింది.

"మేనేజరుకు నువ్వు చెప్పాల్సింది పన్నెండింటికి కదా, ఇంకా వేళ ఉంది," అన్నారు. "ఆ మొదటింట్లో కారు కడిగేది ఎవరో అడిగావా?"