వేదిక దిగని పరుపు

అనగనగా ఒక అడవిలో, దేవుడు ఎక్కువతక్కువలు చూడకుండా అందరి మీదా ఒకేలా వాన కురిపించే అడవిలో, ఒక నక్క బస నడిపేది. ముందుకు జరగండర్రా, వెనకవాళ్ళకీ వినబడాలి. దూరాల నుంచి వచ్చే జంతువులు పళ్ళో దుంపలో ఇచ్చి, ఆ బసలో పడుకుని వెళ్ళేవి.

అక్కడే గిజిగాడు అనే పిట్ట ఉండేవాడు. పచ్చిగడ్డి ఒక్క పోచైనా తెంపకుండా, రాలిన గడ్డితోనే మెత్తటి పరుపులు అల్లేవాడు. ఒకనాడు నక్కతో ఒప్పందం చేసుకున్నాడు. బసకి ఒక పరుపు ఇచ్చినప్పుడల్లా ఇంకొకటి కూడా ఇస్తాడు. దాన్ని నక్క గూడు లేని జీవికి చేర్చాలి.

నక్క ఎంత ధర్మబుద్ధి కలదంటే, ఆ సంగతి వెంటనే అడవంతా చాటించింది. మా బసలో పడుకోండి, పుణ్యం దానంతటదే వస్తుందంది. అతిథులు తండోపతండాలుగా వచ్చారు. మనం ఉపవాసాలుండి, చన్నీళ్ళు పోసుకుని సంపాదించేది వాళ్ళు గురకపెట్టి సంపాదించారు. అదృష్టవంతులు.

అప్పుడే వాగు పొంగి ఒక కుందేలు బొరియ కొట్టుకుపోయింది. అది పిల్లలతో బసకి వచ్చింది. ఒక పిల్ల జ్వరంతో వణుకుతోంది. ఇంకా తడినేల మీదే పడుకుంటే బతకదు.

నక్క కుందేలు తల నిమిరి, పరుపు దానమిచ్చేందుకు వేదిక కట్టాక రమ్మంది. చాటుగా దానం చేస్తే పాపం దేవుడికి కనబడదు కదా. రెండోసారి వస్తే, ముఖ్య అతిథి ఏనుగుగారు స్నానంలో ఉన్నారంది. ఏనుగు స్నానమంటే మీకు తెలుసుగా. మూడోసారికి సభ జరిగింది. కొంగ ప్రార్థన పాడింది. ఏనుగు కరుణ గురించి ఎంతసేపు మాట్లాడిందంటే, మధ్యలో జ్వరం పిల్ల తుమ్మితే గుర్రుగా చూసింది. చివరికి కుందేలు వీపు మీద పరుపు పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు.

కుందేలు వేదిక దిగుతుంటే నక్క మెల్లగా పరుపు లాగేసుకుంది.

"రేపు నెమళ్ళ గుంపు దిగుతోందమ్మా. వాళ్ళ ముందు కూడా నీకే ఇస్తాం. ఎల్లుండి జింకలొస్తాయి, అప్పుడూ నీకే. ఇన్ని దానాలు ఎవరికి దొరుకుతాయి చెప్పు?"

అంతలో వాన మొదలైంది.

"పరుపు మీరే ఉంచుకోండయ్యా. ఆ వసారాలో ఓ మూల చోటిస్తే చాలు," అంది కుందేలు.

నక్క బాధగా తల ఊపింది. "ఇవ్వాలనే ఉందమ్మా. కానీ గూడు లేనివాళ్ళు కళ్ళబడితే అతిథుల మనసు పాడవుతుంది. పాపం, వాళ్ళు పుణ్యం కోసం వచ్చారు."

చూరు మీద కూర్చుని గిజిగాడు ఇదంతా విన్నాడు. కిందికి దిగి, "బావా, ఇంక మన పొత్తు చాలు," అన్నాడు. తన గుంపుని పిలిచాడు. అందరూ కలిసి పరుపు ఎత్తుకుని, కుందేలుని ఒక కొండగుహకి తీసుకెళ్ళారు.

అప్పటిదాకా చప్పట్లు కొట్టిన ఒక ముసలి దుప్పి తల దించుకుని వాళ్ళ వెనకే నడిచింది. జ్వరం పిల్లని ఒళ్ళో పొదువుకుని పడుకుంది. తెల్లారేసరికి ఆ భగవంతుడి దయవల్ల పిల్ల కళ్ళు తెరిచి పాలు తాగింది.

ఆ సంగతి తెలిసి మిగతా అతిథులూ ఒక్కొక్కరే గుహకి చేరారు. గూడు లేనివాళ్ళ పక్కనే పడుకున్నారు. ఎవరి మనసూ పాడవలేదు.

బసలో ఇప్పుడు అతిథులు లేరు, కొత్త పరుపులూ రావు. వేదిక మాత్రం ఉంది. నక్క దానిమీద నిలబడి తన దానగుణం గురించి తానే మాట్లాడుకుంటోందట. చప్పట్లు కొట్టేందుకు బస కప్పు రేకుల మీద వాన ఒక్కటే వస్తుంది.

నీతి: నలుగురూ చూడాలని ఇచ్చింది ఆ నలుగురితోనే వెళ్ళిపోతుంది. ఎదుటివాడి వణుకు చూసి ఇచ్చిందే దానం.