దర్పకేతునికి ఋతంభర ఇచ్చిన శాపం

పూర్వం, మన్వంతరాల లెక్కకు కూడా దూరమైన ఒకానొక యుగంలో, వేత్రవతీ తీరాన కర్ణికారపురాన్ని దర్పకేతుడనే రాజు ఏలుతూ ఉండేవాడు. అతడు సామంతులనందరినీ జయించి, లెక్కకు మిక్కిలి యాగాలు చేసి, తన ఆజ్ఞను మించిన శక్తి లోకంలో లేదని నమ్మి ఉన్నాడు.

ఒకనాడు ఆ రాజు గజారూఢుడై సాలెవీధిలో ఊరేగుతుండగా ప్రజలందరూ చేతులు జోడించారు. తంతువర్ధనుడనే నేతగాడు మాత్రం తెగబోతున్న పడుగుపోగును వేళ్లతో పట్టుకుని ఉన్నందున, మగ్గం గుంటలోనుండే తలవంచి నమస్కరించాడు. రాజుకు అది సహించలేదు. జోడించని చేయి ఉండనక్కరలేదని పలికి, అతని కుడిచేతిని మణికట్టు దగ్గర నరికించాడు. అంతటితో ఆగక బంగారు చేయి ఒకటి చేయించి పంపి, ఎముకా తోలూ పోయి మేలిమి వచ్చినందుకు సంతోషించమని చెప్పించాడు.

నేతగాని భార్య వసుమతి, గాయం మానక ఇంకా నెత్తురోడుతున్న భర్తను వెంటబెట్టుకుని, ఆ బంగారు చేతిని పట్టుకుని ఋతంభర ఆశ్రమానికి చేరింది. అరవై ఏళ్లుగా దేహధర్మాన్ని ఉపాసించి, రోగార్తులకు తల్లియై, కాటువేసిన పామును సైతం కసరని తపస్విని ఆమె. గాయం కడిగి కట్టుకట్టి, రాజు మాటలు విని, ఆ మహాసాధ్వి ఉన్నపళాన లేచి, బంగారు చేతిని తీసుకుని, సభకు వెళ్లి దాన్ని సింహాసనం ముందు పడవేసింది.

"రక్తమాంసాల మూటకు ఇంత ఆగ్రహమా, తల్లీ? నేనిచ్చిన చేయి కుళ్లదు, ముడతపడదు" అన్నాడు దర్పకేతుడు చిరునవ్వుతో.

"మూట అంటున్నావా, రాజా! ఈ బంగారంతో ఉయ్యాలలోని బిడ్డను తాకి, ఒళ్లు కాలుతున్నదో లేదో చూడమను ఆ నేతగాణ్ణి. తల్లి గర్భంలో, వెలుతురు చొరని చోట, లోకంలో మరెవరికీ లేని గీతను వేలివేలికీ గీసి విధాత చేసిన పని, నీవు నరికించిన ఆ చేయి. వెంట్రుకకన్నా సన్నని నాడి ఒక్కదానినైనా అల్లగల శిల్పి నీ రాజ్యంలో ఉన్నాడా? చేయలేనిదాన్ని చెరిపే అధికారం నీకెవరిచ్చారు?"

"ఈ రాజ్యంలో నా ఆజ్ఞ లేనిదే ఏదీ కదలదు. అదే నా అధికారం."

"అలాగే కానీ. ఇకమీదట నీ దేహంలో కూడా నీ ఆజ్ఞ లేనిదే ఏదీ కదలకుండుగాక" అని ఋతంభర కమండలూదకాన్ని విడిచింది.

తక్షణమే రాజు గుండె నిలిచిపోయింది. అతడు భయపడి, కొట్టుకొమ్మని మనసులో ఆజ్ఞాపించగా ఒక్కసారి కొట్టుకుని, మరల ఆజ్ఞకై ఎదురుచూసింది. గుండెను నడుపుతుంటే ఊపిరి ఆగింది. ఊపిరిని పిలుస్తుంటే రెప్పలు వాలక కళ్లు మండాయి. రెప్పలను తలచేసరికి మెడ నిలవక శిరస్సు వాలి, కిరీటం దొర్లిపోయింది. వైద్యులు చుట్టుముట్టి నిస్సహాయులై నిలిచారు. ఏ ఒక్కనాడూ తాను చెప్పకపోయినా అహోరాత్రాలు తనకోసం శ్రమించిన సేవకులెందరో దర్పకేతునికి అప్పుడు తెలిసింది. మిగిలిన ఊపిరినంతా కూడగట్టి, "ఏలలేను తల్లీ" అని నేలకొరిగాడు.

అంతట అతని యాగాలకు తృప్తులైన దేవవైద్యులు అశ్వినులు ప్రత్యక్షమై, రాజును కాపాడమని ఆమెను కోరారు.

"ముందు నేతగాని చేయి. ఆ తరువాతే ఇతని ప్రాణం" అన్నది ఋతంభర, చూపు మరల్చకుండా.

ఆ దివ్యులు రెప్పపాటులో ఆశ్రమానికేగి, పంచభూతాలను ఆవాహన చేసి, ఎముకకు ఎముకను, నరానికి నరాన్ని కూర్చి, చర్మం కప్పి, తంతువర్ధనునికి చేతిని ప్రసాదించారు. వసుమతి ఆ వేళ్లను ఒక్కొక్కటిగా తాకి చూసి ఏడ్చింది. అప్పుడు గాని ఋతంభర శాపాన్ని ఉపసంహరించలేదు.

దర్పకేతుడు పాదచారియై సాలెవీధికి వెళ్లి ఆ దంపతులను క్షమాపణ వేడాడు. అంగచ్ఛేద దండనను రాజ్యంలో నిషేధించి, అటుపై ధర్మం తప్పక పాలించాడు. ఋతంభర మాత్రం అతని అర్ఘ్యపాద్యాలను స్వీకరించక, ఆశీర్వదించక, వనానికి మరలిపోయింది.

ఈ వృత్తాంతాన్ని విని, తోటివాని దేహాన్ని చులకన చేయక ఎవరు మెలగుతారో, వారి ఊపిరికి వాయుదేవుడు, చూపుకు సూర్యభగవానుడు తుదివరకూ తోడై ఉంటారు.