గురవమ్మ చింతపుల్ల

అమ్మవారికి ఓ దండం పెట్టుకుని మొదలుపెడతా. మీరు ఊఁ కొడుతూ ఉండండి. ఊఁ ఆగితే కథ ఆగుతుంది.

అనగనగా, ఏరు ఏడాది పొడవునా పారే రోజుల్లో, ఏటి ఒడ్డున ఓ ఊరు. ఆ ఊళ్లో గుడ్డల మీద దేవుళ్ల బొమ్మలు వేసేవాళ్లు. కాల్చిన చింతపుల్లతో గీత, ఆపైన రంగు. రంగు వేసిన గుడ్డల్ని ఏట్లో జాడించే మనిషి గురవమ్మ. ముందూ వెనకా ఎవరూ లేరు.

ఆమెకు ఒకటే కోరిక. చచ్చేలోగా సింహం మీద కూర్చున్న అమ్మవారిని తన చేత్తో గీయాలి.

ఒకసారి గీసింది. అమ్మవారి చెయ్యి మోకాలు దాటింది. రెండోసారి గీసింది. ఒక కన్ను చెంప మీదికి జారింది. మూడోసారి గీసింది. పిల్లలు చూసి, "గురవమ్మా, నీ పిల్లికి పాలు పోశావా?" అన్నారు. అది సింహం!

గురవమ్మ ఏడ్చింది. "తల్లీ, కోరిక ఇచ్చావు, చెయ్యి ఇవ్వలేదేం?" అంది.

తల్లి ఏం చెప్పిందో మనకు తెలీదు. మర్నాటి నుంచి మాత్రం ఆమె ఓ చింతపుల్ల పట్టింది. చెయ్యి చాపి, ఒక కన్ను మూసి, పుల్ల మీద బొటనవేలి గోరు జరుపుతూ కొలవసాగింది. తల ఎంత, భుజం ఎంత. కుండను కొలిచింది. గేదెను కొలిచింది. మనుషుల్ని కొలిచింది.

అదిగో, అక్కడ పుట్టింది అనుమానం.

"కొలుస్తోంది. ఎందుకు కొలుస్తోంది?" అన్నారు రేవులో.

"కొలుస్తోంది. పాడె కట్టడానికి కాదు గదా?" అన్నారు అరుగుల మీద.

"కొలుస్తోంది. ఒంటికన్నుతో కొలుస్తోంది!" అని తలుపులు వేసుకున్నారు.

ఇంతలో బొమ్మలవాళ్ల పెద్దను కొలిచింది. తెల్లారేసరికి ఆయనకు జ్వరం. ఆయన భార్య చెంగమ్మ మాటంటే ఊరికి హడల్. ఊరందర్నీ వెంటబెట్టుకుని రేవుకొచ్చింది.

"మా ఆయనకే చేతబడి చేస్తావా? పొద్దు గూకేలోగా ఊరు దాటు!"

"ఎక్కడికి పోనత్తా? మామను బొమ్మ కోసం కొలిచాను."

"బొమ్మకి కొలతెందుకే? మీ మామ ఏనాడైనా కొలిచాడా?"

"మామకి చెయ్యి తిరిగింది. నాకు తిరగలేదు గనకే కొలుస్తున్నా." గురవమ్మ పుల్ల అందించింది. "ఇదే పుల్లతో నన్ను కొలువు. దీంతో ప్రాణాలు పోయేట్టయితే ముందు నాదే పోనీ."

చెంగమ్మ బెదురుతూనే అందుకుంది. చెయ్యి చాపింది. ఒక కన్ను మూసింది. నుదురు కొలిచింది. ముక్కు కొలిచింది. కంటి దగ్గర గోరు ఆగిపోయింది.

"ఏమే, కంటి కింద ఆ మచ్చ ఎప్పటిది?"

"పుట్టుమచ్చ అత్తా."

"రోజూ కనబడతావు. నేనెప్పుడూ చూళ్లేదే!"

"నేనూ అంతే అత్తా. రోజూ గుడ్డల మీది సింహాల్ని జాడించేదాన్ని. చూశాననే అనుకున్నా. గీస్తే పిల్లయింది."

జనం నవ్వారు. చెంగమ్మ నవ్వలేదు. "రేపు పొద్దుటికి ప్రాణంతో ఉంటే, ఉండు," అని వెళ్లిపోయింది.

పొద్దున్నే రేవులో గుడ్డలు జాడించే చప్పుడు వినబడింది. చెంగమ్మ గట్టు మీద నిలబడి చాలాసేపు విన్నది. పెద్దాయన జ్వరమూ నెమ్మదిగా దిగింది. ఎందుకొచ్చిందో, ఎందుకు పోయిందో అమ్మకే తెలియాలి.

తర్వాత గురవమ్మ అమ్మవారిని గీసింది. చేతులు చేతుల్లా, కళ్లు కళ్లలా కుదిరాయి. సింహంలో మాత్రం కాస్త పిల్లి పోలిక ఉండిపోయింది. ఆ బొమ్మకి మొదటి హారతి చెంగమ్మే ఇచ్చింది. గురవమ్మ పోయిననాడు, ఆ పుల్లను ఆమె చేతిలో పెట్టి సాగనంపిందీ చెంగమ్మే.

ఇప్పటికీ ఆ ఊళ్లో బొమ్మ నేర్చుకునేవాళ్లకి బొగ్గు కంటే ముందు ఒట్టి చింతపుల్ల ఇస్తారు. ఎదుటి మనిషిని చూడమంటారు. ఇక ఎవరైనా ఎవరి మీదైనా లేనిపోని మాటలు మోశారా, పక్కనున్నవాళ్లు చెయ్యి చాపి, ఒక కన్ను మూసి, మెల్లగా అడుగుతారు:

"పుల్ల పట్టి చూశావా?"