మాచయ్య కొమ్ము, నక్క కషాయం

కొండ కింద జొన్నచేల నడుమ ఒక కొట్టం. అందులో మాచయ్య, నీలయ్య అనే ఎద్దుల జోడీ. తొమ్మిదేళ్లుగా ఇద్దరిదీ ఒకే కాడి. ఆ ఏడు మాచయ్య కుడికొమ్ము మొదట్లో పుండు లేచి, కొమ్ము పక్కకి వాలిపోయింది. మడుగు దగ్గర వైద్యం చేసే కొంగ తాత వచ్చి చూశాడు.

"ఇది కొమ్ము క్యాన్సరు. పదిహేను రోజులకోసారి మందు పడాలి. మొత్తం ఆరుసార్లు."

మూడో మందుకి పుండు సగం తగ్గింది. కానీ మాచయ్య మేత ముట్టడం మానేశాడు. డొక్కలు తేలాయి. అతను కళ్లు మూసుకుని పడుకుంటే నీలయ్యకి దడ. దగ్గరికెళ్లి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకునేవాడు.

ఆ దడ నక్క కనిపెట్టింది.

"కొంగ మందు రోగంతోపాటు మనిషినీ పీల్చేస్తుందయ్యా," అంది కంచె అవతల నుంచి. అంతలోనే నాలుక కరుచుకుని, "అదే, ఎద్దుని. నా దగ్గర కొండవేరు కషాయముంది, బలం పుంజుకుంటాడు. నీ వాటా తెలగపిండి నాకు పెట్టు, చాలు."

"తాతనొక మాట అడిగి..."

"అడిగితే ఒప్పుకుంటాడా? తన మందు విలువ పోదూ? అయినా వేర్లూ ఆకులూ ఏం చేస్తాయి? పుట్టిన దగ్గర్నుంచీ నువ్వు తినేది అవేగా."

నీలయ్యకి ఆ మాట నచ్చింది. మర్నాటి నుంచి కుడితిలో కషాయం కలిపాడు.

"ఏంట్రా, ఇంత చేదు?" అన్నాడు మాచయ్య.

"బలానికిరా. తాగు."

"నువ్విచ్చాక తాగకేం చేస్తాను," అని తాగేశాడు.

నాలుగో మందు పడిన మూడో రోజు మాచయ్య ముక్కు వెంట నెత్తురు కారింది. నోరంతా పూసింది. లేవబోతే కాళ్లు నిలవలేదు.

కొంగ తాత పరుగున వచ్చాడు. "నా మందు కాక ఇంకేమైనా పెట్టావా?"

"లేదు తాతా," అన్నాడు నీలయ్య, నేల చూస్తూ.

"అయితే రోగం నెత్తురులోకి పాకిందనుకోవాలి. ఇక నా మందు ఆపేస్తాను."

నీలయ్య కషాయం సంగతంతా చెప్పేశాడు.

తాత తిట్టలేదు. "నా మందు తన పని చేశాక కాలేయం గుండా బయటికి పోవాలి. నీ వేరు ఆ దారి మూసేసింది. మందంతా ఒంట్లో పేరుకుని విషమైంది."

"ఆకులూ వేర్లేగా అనుకున్నాను."

"గన్నేరూ ఆకే. ఎప్పుడైనా మేశావా?"

కషాయం ఆపారు. మాచయ్య నిలబడడానికి నెలన్నర పట్టింది. అన్నాళ్లూ మందు లేక పుండు మళ్లీ పాత సైజుకి పెరిగింది. నక్క తెలగపిండి తిని నున్నగా తయారై, పక్క ఊరి కొట్టం వైపు వెళ్లిపోయింది.

"బతుకుతాడా తాతా?" నీలయ్య అడిగాడు.

"కషాయానికి ముందు అడిగుంటే బతుకుతాడనేవాణ్ణి. ఇప్పుడు చూద్దాం అంటున్నాను. మళ్లీ ఒకటో మందు నుంచి మొదలుపెడదాం."

మాచయ్య లేచి నిలబడి, మందు కోసం మెడ చాచాడు. నీలయ్య ఆ మెడ వైపు చూడలేకపోయాడు.

నీతి: వైద్యం జరుగుతుండగా ఏ ఆకు పసరైనా సరే, ముందు వైద్యుడి చెవిన వేశాకే రోగి నోట్లో పోయాలి.