కుందేలు చెవులు ఎలా సాగాయి

ఒకప్పుడు కుందేళ్ళ చెవులు ఉడత చెవుల్లా పొట్టిగా ఉండేవి. మూతికి చీలిక కూడా ఉండేది కాదు.

ఆ రోజుల్లో కొర్రచేల పక్కన గుట్ట మీద చెంగమ్మ అనే కుందేలుకి తొలిచూలు బిడ్డ పుట్టాడు. ఒళ్ళు దూదిలా మెత్తగా ఉంది. పైపెదవి మాత్రం ముక్కుదాకా చీలి ఉంది.

చూడటానికొచ్చిన ముళ్ళపంది పెద్దమ్మ బుగ్గలు నొక్కుకుంది. "గ్రహణం మొర్రి! కడుపుతో ఉండి గ్రహణం నాడు ఏం కొరికావే?"

చెంగమ్మ ఆ రోజు ఆకలికి ఆగలేక ఓ గడ్డిపోచ కొరికిన మాట నిజమే.

ఇక ఆమెకు మేత సయించలేదు. బిడ్డ తాగిన పాలు సగం ముక్కులోంచి వచ్చేసేవి. మగడు ఎర్రన్న పొద్దున్నే మేతకని పోయి పొద్దుగూకేదాకా వచ్చేవాడు కాదు. వచ్చినా బిడ్డవైపు చూసేవాడు కాదు. చెంగమ్మ బిడ్డని గడ్డిలో దాచి, పైన ఆకులు కప్పింది.

గుట్ట కింద కౌజుపిట్టలు అరిస్తే "మా గురించేనేమో" అనుకునేది. చేలో గాలి గుసగుసలాడినా చెవులు రిక్కించేది. రిక్కించీ రిక్కించీ ఆ చెవులు రోజురోజుకీ సాగాయి.

ఒక సాయంత్రం బిడ్డకి పాలిస్తూ కూడా ఆమె దూరాన ఉడతల మాటలే వింటోంది. పాలు ముక్కుకి అడ్డంపడి, ఊపిరాడక బిడ్డ కాళ్ళు కొట్టుకుంటున్నాడు. ఆమెకి వినపడనే లేదు.

అప్పుడే వచ్చిన ఎర్రన్న ఒక్క గెంతు గెంతి బిడ్డని నిటారుగా ఎత్తి పట్టుకున్నాడు. పాలు కారిపోయాయి. బిడ్డ దగ్గి, కేరుమన్నాడు.

"నీ చెవులెక్కడున్నాయే?" అని అరిచి, ఎర్రన్న అక్కడే కూలబడ్డాడు. "నాకూ భయమేనే. వీణ్ణి చూస్తే నీ ముందే ఏడ్చేస్తానని దూరదూరంగా తిరిగాను."

చెంగమ్మ బావురుమంది. "అంతా నా వల్లే. గ్రహణం నాడు గడ్డి కొరికాను."

గుట్టెక్కి వస్తున్న చంద్రుడు ఆ మాట విని ఆగాడు. "తల్లీ, ఆ నీడ పడింది నా మీద. నువ్వు గడ్డి తింటే నాకెందుకు కోపం? ఆ రోజు అడవంతా మేసింది. వాళ్ళ పిల్లలకి మొర్రి రాలేదే! నీ తప్పేం లేదు."

"నిజంగానా?" అని చెంగమ్మ మళ్ళీ మళ్ళీ అడిగింది. చంద్రుడు విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

ఆపైన ఎర్రన్న బిడ్డని నిటారుగా పట్టుకుంటే, చెంగమ్మ చుక్కచుక్కగా పాలు పట్టింది. బిడ్డకి ఒళ్ళొచ్చింది. ఆకులు తీసేశారు. వాడు గెంతుకుంటూ చేలోకి పోతుంటే పెద్దమ్మ మళ్ళీ ఏదో అనబోయింది.

"మావాడి పేరు మొలకన్న. ఆ పేరుతో పిలువు పెద్దమ్మా," అన్నాడు ఎర్రన్న.

మొలకన్న పిల్లలకీ, వాళ్ళ పిల్లలకీ అదే చీలిక వచ్చింది. దాన్ని చూసి ఎవరూ బుగ్గలు నొక్కుకోలేదు. చెంగమ్మ కూడా కుదుటపడింది. సాగిన చెవులు మాత్రం మళ్ళీ పొట్టివి కాలేదు, తర్వాత పుట్టిన పిల్లలకీ అవే వచ్చాయి.

అప్పటినుంచే కుందేళ్ళకి ఆ పొడుగు చెవులు. ఇవాళ్టికీ ఎక్కడో ఎండుటాకు కదిలితే చాలు, తమ బిడ్డని ఎవరేమన్నారో అని టక్కున నిక్కబొడుచుకుంటాయి.