మాత్రకూ కాఫీకీ మధ్య

తెనాలిలో సామ్రాజ్యం అనే బస్సు కండక్టరు ఉండేది; ఎవరైనా వద్దంటే చాలు, ఎందుకు వద్దో వినకుండానే ఆ పని చేసి చూపించేది.

రోజుకు ఆరు కాఫీలు తాగేది. "కాఫీ విషమే అమ్మాయ్, మానెయ్," అని అత్తగారు పోరు పెట్టేది. "విషమైతే ఎప్పుడో పోయేదాన్ని అత్తయ్యా," అంటూ ఆవిడ ఎదుటే ఇంకో గ్లాసు కలుపుకునేది.

ఒకరోజు బస్సులో టిక్కెట్లు కొడుతుంటే కళ్ళు తిరిగాయి. ఆసుపత్రిలో పరీక్ష చేసి, రక్తం తక్కువగా ఉందన్నారు. నర్సు ఎస్తేరు ఐరన్ మాత్రలిస్తూ, "కాఫీతో మాత్రం..." అని ఏదో చెప్పబోయింది.

"మీరూ మొదలుపెట్టారా?" అని సామ్రాజ్యం మాత్రలు తీసుకుని వచ్చేసింది. మూడు నెలలు, ఒక్క పూట తప్పకుండా, పొద్దున్నే వేడి కాఫీతో మాత్ర మింగింది.

అంతలో ఆమె చెల్లెలు నాంచారికి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. రక్తం కావాలన్నారు. అక్కాచెల్లెళ్ళది ఒకటే గ్రూపు, అంత తేలిగ్గా దొరకనిది. "నేనున్నానుగా, నీకెందుకే భయం," అని సామ్రాజ్యం చెయ్యి చాపి కూర్చుంది. ఎస్తేరు ఆమె వేలు పొడిచి చూసి, తల అడ్డంగా ఊపింది.

"రక్తమివ్వాలంటే హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉండాలమ్మా. మీకు తొమ్మిదే ఉంది."

"అదెలా? మూడు నెలలుగా మాత్రలు మింగుతున్నాను."

"దేనితో?"

"కాఫీతో."

"మాత్రలోని ఇనుమును కాఫీ ఒంటికి పట్టనివ్వదు. ఆ రోజు చెప్పబోయింది అదే."

"అంటే కాఫీ మానేయమంటారు. అంతేగా?"

"మానమని ఎవరన్నారు? మాత్ర నిమ్మనీళ్ళతో వేసుకోండి. రెండు గంటలాగి కాఫీ తాగండి. ఆరు కాదు, రెండో మూడో."

కాఫీ మానమనేవాళ్ళకు సామ్రాజ్యం దగ్గర వంద జవాబులున్నాయి. ఈసారి మాత్రం ఒక టిక్కెట్టు వెనక 'రెండు గంటలు' అని రాసుకుంది.

రక్తం దొరక్క ఆపరేషన్ రెండు రోజులు వాయిదా పడింది. ఆ రెండు రోజులూ నాంచారి నొప్పితో మెలికలు తిరుగుతుంటే సామ్రాజ్యం మంచం పక్కనే తల దించుకుని కూర్చుంది. చివరికి ముక్కూ మొహం తెలియని కాలేజీ అమ్మాయి ఒకతె గుంటూరు నుంచి వచ్చి రక్తమిచ్చింది. నాంచారి గట్టెక్కింది.

ఇంటికి రాగానే అత్తగారు అడిగింది. "ఇప్పటికైనా కాఫీ మానేశావా?"

"మానలేదు అత్తయ్యా, మానను. గడియారం చూసి తాగుతాను."

ఆరు నెలలకు ఆమె రక్తం పన్నెండున్నర దాటింది. ఆ రోజే ఎవరో తెలియని మనిషి కోసం చెయ్యి చాపింది.

నీతి: వద్దన్న మాటను ఎదిరించవచ్చు, ఎందుకు వద్దన్నారో వినకుండా ఎదిరిస్తే, నష్టం మనతో ఆగదు, మనవాళ్ళకూ తగులుతుంది.