గోరువంక పాడిన ఇంటి పాట

నల్లమద్ది చెట్ల నడుమనున్న ఆ మడుగు ఒకప్పుడు అందరిదీ. సాయంకాలం దాహం తీర్చుకున్న జంతువులు గట్టున కూర్చుంటే గోరువంకల జంట పాడేది. ఆ రెండు గొంతులు కలిసిన తీరు ఆ అడవికి మళ్లీ దక్కలేదు.

చిరుతపులి రాజయ్యాక, పొరుగడవి నుంచి వచ్చిన నక్క మంత్రి అయింది. మడుగు రాజుగారిదని చాటించి, తక్కినవారిని ఎక్కడో ఉన్న బురదగుంటకు తరిమింది. ఆ వేసవిలో ఆ గుంటా ఎండిపోయి, మగ గోరువంక దాహంతో రాలిపోయింది.

ఆడ గోరువంక సంతాపగీతం పాడుతుందని తెలిసి నక్క ముందే వచ్చింది.

"ఏమమ్మా, మడుగు మాట ఎత్తావో, గొంతు నొక్కిస్తాను."

"మా ఆయన గురించే పాడుకుంటాను, మంత్రిగారూ."

"అయితే సరే. నీ ఇంటి ఏడుపు నువ్వు ఏడువు. రాజుగారూ వచ్చి వింటారు."

నక్క వెళ్లాక అడవిదున్న మెల్లగా అడిగింది: "భయపడ్డావా, తల్లీ?"

"భయం లేకపోలేదు మామా. కానీ నాకు తెలిసిన కథ ఆయనదొక్కటే."

రాజు వచ్చి కూర్చున్నాక గోరువంక పాడింది:

"ముక్కున పుల్లతో వచ్చేవాడు
గూటి వాకిట నన్ను పిలిచేవాడు
నోరెండి నా తోడు ఒరిగినాడు
నీటిని చూస్తూనే ఒరిగినాడు."

సంతాపగీతపు చివరి పంక్తిని, విన్న ప్రతివారూ తమ ఇంట పోయినవారి పేరు చేర్చి తిరిగి పాడడం ఆ అడవి మర్యాద. పరాయి నక్కకు అది తెలియదు.

దున్న లేచింది. "నీటిని చూస్తూనే ఒరిగినాడు, మా తమ్ముడు లింగన్న."

"నీటిని చూస్తూనే ఒరిగింది, నా బిడ్డ దూదిపింజ," అంది కుందేలు.

జింకలు అందుకున్నాయి. నెమళ్లు అందుకున్నాయి. పేర్లు ఆగలేదు.

"ఆపండి! ఇది రాజద్రోహం!" అని నక్క అరిచింది.

"ఇంటి ఏడుపు ఏడవమన్నది తమరే కదా, మంత్రిగారూ!" అంది కుందేలు. "ఇళ్లన్నీ ఒకే ఏడుపు ఏడిస్తే మేమేం చెయ్యగలం?"

దున్నల మంద పాడుతూనే మడుగు వైపు నడిచింది. అన్ని కొమ్ములను ఒక్కచోట చూసిన చిరుత పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. నక్క తోక ముడుచుకుని, వచ్చిన అడవికే పారిపోయింది.

అందరూ కడుపారా తాగారు. గోరువంక మాత్రం తాగకుండా నీటి అంచున కూర్చుంది.

ఒకరి దుఃఖాన్ని ఉన్నదున్నట్టు పాడితే, రాజ్యం చేసిన అన్యాయం అందులోనే వినిపిస్తుంది.